డెబ్బై దగ్గర సూది

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన నందిగామ, జగ్గయ్యపేట వైపు, వేసవిలో 42, 43 డిగ్రీలు మామూలే. మే నెలలో 45 తాకిన రోజులూ ఉంటాయి. సముద్రపు గాలి ఇంత దూరం రాదు. మునేరు, పాలేరు ఇసుక తేలి ఉంటాయి. మధ్యాహ్నం వీచేదంతా వడగాలే. ఇలాంటి నేల మీద చలిని తయారుచేసి అమ్మడం, చలిలో సరుకు నిలవ పెట్టడం, చల్లదనం తగ్గిన మిషన్‌ను మళ్లీ దారికి తేవడం బతుకుతెరువులయ్యాయి. ఈ మూడు పనులకీ లెక్క ఒక్కటే. ఏ గ్యాసు ఎంత ప్రెజర్ దగ్గర ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో చెప్పే పట్టిక అది. మెకానిక్కులు దాన్ని పీటీ చార్టు అంటారు.

చార్టు వెనకున్న సూత్రం వంటింట్లో అందరికీ తెలిసిందే. మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, కుక్కర్లో ప్రెజర్ పెరిగేసరికి 120 దాకా పోతాయి. గ్యాసులదీ ఇదే వరస, కాకపోతే అంకెలు బాగా కిందకుంటాయి. ఏసీల్లో ముప్పై నలభై ఏళ్లు రాజ్యమేలిన ఆర్-22 గ్యాసు, బయట గాలిలో వదిలితే సున్నాకు 41 డిగ్రీల కిందే మరుగుతుంది. అదే గ్యాసును గేజి మీద 70 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రెజర్లో ఉంచితే 5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పైపు లోపల థర్మామీటరు పెట్టే వీలు లేదు, గేజి తగిలించే వీలుంది. సూది చూపించిన ప్రెజర్‌ను చార్టులో చూసుకుంటే లోపలి చలి ఎంతో తెలిసిపోతుంది. షరతు ఒక్కటే, ద్రవమూ ఆవిరీ కలిసి ఉన్న చోటే ఈ లెక్క చెల్లుతుంది.

ఈ పట్టికలు ఒక్క రోజులో పుట్టలేదు. ఫ్రాన్సులో ఆన్రీ విక్టర్ రెన్యో అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దం మధ్యలో ఏళ్ల తరబడి కూర్చుని నీటి ఆవిరి ప్రెజర్‌ను డిగ్రీ డిగ్రీకీ కొలిచి పట్టికలు వేశాడు. ఆ కాలంలోనే, 1849లో, పారిస్‌లో యూజీన్ బూర్దాన్ వంపు తిరిగిన గొట్టంతో ప్రెజర్ గేజికి పేటెంటు తీసుకున్నాడు. లోపల ప్రెజర్ పెరిగితే గొట్టం వంపు విచ్చుకుంటుంది, దానికి తగిలించిన సూది తిరుగుతుంది. ఇవాళ నందిగామ సెంటర్లో మెకానిక్ సంచిలో ఉండే నీలం, ఎరుపు గేజిల్లోనూ ఉండేది ఆ గొట్టమే. 1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమ్మోనియాతో నడిచే మిషన్లను నమ్మకంగా పనిచేసే స్థాయికి తెచ్చాడు. 1923లో అమెరికా ప్రమాణాల సంస్థ అమ్మోనియా గుణాల మీద ఒక పట్టిక పుస్తకం అచ్చేసింది. ప్రపంచంలో ఐసు ఫ్యాక్టరీలు నడిపినవాళ్లు చాలాకాలం ఆ అంకెల్నే ప్రమాణంగా పెట్టుకున్నారు.

మనవైపు మొదట వచ్చిన మంచు మిషన్లో తయారైంది కాదు. 1833లో టస్కనీ అనే ఓడ బోస్టన్ నుంచి కలకత్తాకు చెరువు గడ్డకడితే కోసిన మంచును తెచ్చింది. అలా వచ్చిన మంచును దాచడానికి 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్‌హౌస్ కట్టారు. ఇప్పుడది వివేకానందుడి స్మారక భవనం. ఆ మంచు దొరల బల్లల మీదకే గానీ మెట్ట పల్లెల దాకా రాలేదు. పల్లెకు ఐసు వచ్చింది కరెంటు వచ్చాకే, అదీ అమ్మోనియా దయవల్ల.

ఐసు ఫ్యాక్టరీ పని చూడటానికి మోటుగా ఉంటుంది గానీ లోపల లెక్క చాలా సున్నితం. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్లు, అందులో వరసగా దించిన రేకు డబ్బాలు, డబ్బాల నిండా మంచినీళ్లు. ఉప్పునీళ్లు గడ్డకట్టకుండా సున్నాకు పది డిగ్రీల కిందకు చేరాలి. అందుకు తొట్టిలోని కాయిల్లో అమ్మోనియా ఇంకో అయిదు డిగ్రీలు కిందగా, అంటే మైనస్ 15 దగ్గర, మరగాలి. చార్టు ప్రకారం దానికి గేజి మీద 20 పీఎస్ఐకి కాస్త తక్కువ ఉండాలి. సూది 10కి పడిపోయిందంటే అమ్మోనియా మైనస్ 22 దగ్గర మరుగుతోందని అర్థం. చలి పెరిగిందని సంబరపడితే పొరపాటే. కాయిల్లోకి ద్రవం చాలినంత రావడం లేదనో, కాయిల్లో నూనె పేరుకుందనో, ఉప్పునీళ్లు సరిగ్గా తిరగడం లేదనో అనుమానించాలి. అనుభవమున్న ఆపరేటర్ ఆ ఒక్క అంకెతో సగం రోగం పట్టేస్తాడు. అమ్మోనియా ఇత్తడిని, రాగిని తినేస్తుంది కాబట్టి ఆ గేజిల లోపలి గొట్టం ఉక్కుతో చేస్తారు. వాటి ముఖం మీద ప్రెజర్ అంకెల లోపల ఇంకో వరసలో డిగ్రీలు కూడా అచ్చేసి ఉంటాయి. అంటే చార్టు గేజి మీదే ఉందన్నమాట. లీకు వెతకడానికి గంధకం పుల్ల వెలిగించి కీళ్ల దగ్గర తిప్పుతారు. అమ్మోనియా తగిలితే తెల్లటి పొగ లేస్తుంది. పుల్లైసు, పాలైసు, సేమ్యా ఐసు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో రంగు షర్బత్తులో వేసే ఐసు ముక్కలు, వీటన్నిటి వెనకా ఇలాంటి సూదే ఉండేది.

మెట్టలో చలికి అసలు గిరాకీ తెచ్చింది మాత్రం మిరపకాయ.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వైపు నల్లరేగళ్లకు చేరేకొద్దీ పత్తితో పాటు మిర్చి కూడా పెరిగింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు, కల్లాల్లో ఎండబెట్టడం, టిక్కీలు కట్టి గుంటూరు యార్డుకు లారీలెక్కించడం. పంటంతా ఒక్కసారి మార్కెట్టు మీద పడితే ధర కుంగుతుంది. అమ్మకుండా ఇంట్లో పెట్టుకుంటే మే ఎండకు కాయ రంగు వెలిసిపోతుంది, వానలు పడ్డాక పురుగు, బూజు పడతాయి. యార్డుకు కూడా ప్రతి మే నెలలో సెలవులు. ఈ ఇరుకులో నుంచే గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు నూటికి పైగా లేచాయి. రైతు నోట వాటి పేరు ఏసీ. ‘ఏసీలో పెట్టాను’ అంటే సరుకు దాచానని అర్థం. యార్డు ధరల పట్టీలో ఇవాళ్టికీ ఏసీ సరుకు, నాన్ ఏసీ సరుకు అని రెండు వరసలు ఉంటాయి. ఏడాది దాటిన కాయ కొత్త కాయంత ఎర్రగా బయటికొచ్చిందంటే ఆ ఘనత గదిలో నిలిచిన చలిది.

ఆ చలికి అంకెలున్నాయి. మిర్చికి గది 5 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, తేమ కూడా అదుపులో ఉండాలి. గది 5 దగ్గర ఉండాలంటే కాయిల్లో అమ్మోనియా మైనస్ 5 దగ్గర మరగాలి. అంటే ఆవిరి కంప్రెసర్‌లోకి వెళ్లే సక్షన్ వైపు గేజి మీద 37 పీఎస్ఐ, కిలోల లెక్కలో చదరపు సెంటీమీటరుకు 2.6 కిలోలు. మిషన్ గదిలో ఆపరేటర్ గంట గంటకూ లాగ్‌బుక్కులో సక్షన్, డిశ్చార్జి, గదుల డిగ్రీలు రాస్తూ పోతాడు. రాత్రి కరెంటు పోయి జనరేటర్ మీద నడిచిన గంటలు ఆ పుస్తకంలో సూది ఎగిరిన అంకెలుగా మిగులుతాయి. బ్యాంకు అప్పు పత్రాల కన్నా రైతు పంటకు నిజమైన పూచీ ఆ లాగ్‌బుక్కే. మెట్ట రైతు ఏడాది కష్టం ఆ 37 చుట్టూ తిరిగింది.

కంప్రెసర్ నుంచి గ్యాసు బయటికొచ్చే డిశ్చార్జి వైపు అంకెల్లో ఈ ప్రాంతపు వాతావరణమే కనిపిస్తుంది. కోల్డ్ స్టోరేజీల మిద్దె మీద పైపుల మీదుగా నీళ్లు కారుస్తూ అమ్మోనియాను చల్లారుస్తారు. మెట్టలో గాలి పొడిది, నీరు ఇట్టే ఆవిరై వేడిని లాగేసుకుంటుంది. బయట 44 డిగ్రీలున్నా ఆ నీళ్లు 30 అటూ ఇటుగా ఉంటాయి, అమ్మోనియా 35, 40 డిగ్రీల మధ్య ద్రవంగా మారిపోతుంది. చార్టులో దానికి 181 నుంచి 211 పీఎస్ఐ. నీళ్లు లేకుండా ఉత్త గాలితో చల్లారే ఏసీకి ఈ అదృష్టం లేదు.

ఇళ్లలోకి చలి వచ్చిన దారి వేరు. అమ్మోనియా ఘాటు, విషం, రాగికి శత్రువు. 1920ల్లో అమెరికా ఇళ్లలో ఫ్రిజ్‌లు నడిపిన మిథైల్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ లీకై మనుషులు చనిపోయారు. థామస్ మిడ్జ్‌లీ బృందం 1928లో కనిపెట్టిన కొత్త గ్యాసుకు మంటా లేదు, విషమూ లేదు. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్జ్‌లీ దాన్ని గుండెల నిండా పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. ఫ్రియాన్ అని ఊరూరా తెలిసిన ఆర్-12 అదే. దాని చెల్లెలు ఆర్-22 ఏసీలకు వచ్చింది.

మన వైపు ఈ చరిత్రలో హైదరాబాద్‌కు పెద్ద పాలుంది. 1942లో నిజాం ప్రభుత్వ పెట్టుబడి నిధితో మొదలైన హైదరాబాద్ ఆల్విన్, బస్సుల బాడీలతో పాటు ఫ్రిజ్‌లు కూడా తయారుచేసింది. తెలుగు మధ్యతరగతి ఇళ్లలో చాలాకాలం ఫ్రిజ్ అంటే ఆల్విన్. బాలానగర్‌లోని శ్రీరామ్ రిఫ్రిజరేషన్ కంప్రెసర్లు దేశమంతా వెళ్లాయి. 1997లో ఆ ఫ్యాక్టరీ టెకుమ్సే కంపెనీ చేతికి వెళ్లాక కూడా మెకానిక్కులు చాలాకాలం ‘శ్రీరామ్ కంప్రెసర్’ అనే అన్నారు. జగ్గయ్యపేట, నందిగామ రెండూ హైదరాబాద్, విజయవాడ రోడ్డు మీదే ఉన్నాయి. క్యాపిలరీ గొట్టం కావాలన్నా, మాఫ్రాన్ లేదా ఫ్లోరాన్ బ్రాండు గ్యాసు సిలిండర్ కావాలన్నా అటో ఇటో బస్సెక్కితే దొరికేది. ఐటీఐల్లో రిఫ్రిజరేషన్ ట్రేడ్ చదివిన వాళ్లు కొందరైతే, గురువు పక్కన సంచి మోసి నేర్చుకున్నవాళ్లు అంతకన్నా ఎక్కువ.

వాళ్లకు గురువు నేర్పిన అంకె డెబ్బై.

ఏసీ నడుస్తుండగా సక్షన్ వైపు నీలం గేజి 70 దగ్గర ఆగాలి, తిరిగొచ్చే పెద్ద పైపు చెమర్చాలి, క్లాంప్ మీటరు మిషన్ మీద రాసిన ఆంపియర్లు దాటకూడదు. ఈ మూడూ కుదిరితే గ్యాసు సరిపోయినట్టు. ఇది గుడ్డి లెక్క కాదు, దాని వెనక చార్టు ఉంది. 70 అంటే కాయిల్ 5 డిగ్రీలు. గది 24 డిగ్రీలకు దిగడానికి చాలినంత చలి, కాయిల్ మీద మంచు కట్టనంత వెచ్చన. సూది 55కి దిగితే కాయిల్ మైనస్ 1కి పోతుంది, కాయిల్ మంచుగడ్డవుతుంది. అయితే నేర్పేటప్పుడు అంకె చెప్పారు గానీ కారణం చెప్పలేదు. ఒకే గ్యాసు ఉన్నంతకాలం ఆ లోటు బయటపడలేదు.

డిశ్చార్జి వైపు ఎర్ర గేజి దగ్గర మాత్రం మెట్ట ఎండ ముందే పరీక్ష పెట్టింది. ఏసీల సామర్థ్యాన్ని లెక్కగట్టేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. అప్పుడు బయటి కాయిల్ 48, 50 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆర్-22 ప్రెజర్ 250 నుంచి 270 చూపిస్తుంది. నందిగామలో మే మధ్యాహ్నం, పడమటి గోడకు బిగించిన యూనిట్ దగ్గర గాలే 45 ఉంటే కాయిల్ 58కి పోతుంది, సూది 320 చేరుతుంది. చార్టు చూసినవాడికి అది సహజం. 270 అని బట్టీపట్టినవాడికి మాత్రం గ్యాసు ఎక్కువైందనిపిస్తుంది. కొంత వదిలేస్తాడు, ఆ రోజుకు సూది దిగుతుంది. తర్వాతి ఏడాది ఆ ఇంటివాళ్లు మళ్లీ గ్యాసు నింపించుకోవాలి. ఎండాకాలంలో గ్యాసు తీసేసి చలికాలంలో పెంచే ఈ అలవాటు ఎన్ని మిషన్ల ఆయుష్షు తిన్నదో లెక్కలేదు. లీకు లేని మిషన్లో గ్యాసు తగ్గదన్న మాట ఒక్కటి గట్టిగా నేర్పి ఉంటే ఈ ప్రాంతపు ఇళ్లకు ఎంతో డబ్బు మిగిలేది.

ఆ తర్వాత ఆకాశం నుంచి కబురొచ్చింది. ఆర్-12 వంటి గ్యాసుల్లోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ రాశారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడుతోందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 1987 సెప్టెంబర్ 16న ఇలాంటి గ్యాసుల్ని తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, భారత్ 1992లో చేరింది. 2010 మొదటికల్లా ఆర్-12 వంటి వాటి కథ మన దేశంలో ముగిసింది. ఆర్-22కు గడువు 2030. ఫ్రిజ్‌లకు, కార్లకు ఆర్-134ఎ, ఆ తర్వాత ఫ్రిజ్‌లకు ఆర్-600ఎ, ఏసీలకు ఆర్-410ఎ, ఇప్పుడు ఆర్-32 వచ్చాయి. ప్రతి గ్యాసుకూ చార్టులో కొత్త వరస.

డెబ్బై అన్న అంకె ఇక్కడే కూలిపోయింది. ఆర్-32 మిషన్‌కు 70 దాకా నింపి ఆపితే కాయిల్ మైనస్ 10 దగ్గర ఉంటుంది. ఆర్-410ఎ లోనూ దాదాపు అంతే. మంచు కడుతుంది, గది చల్లబడదు, కంప్రెసర్ వేడెక్కుతుంది. ఇదివరకటి 5 డిగ్రీలు కావాలంటే ఈ గ్యాసుల్లో 120 పైచిలుకు ఉండాలి. ఎర్ర గేజి వైపు 50 డిగ్రీలకే 430, 440 చూపిస్తాయి, మెట్ట ఎండలో 500 దాటుతాయి. పాత గేజిలు, పాత గొట్టాలు ఆ ప్రెజర్‌కు చేసినవి కావు. ఆర్-600ఎ ఫ్రిజ్‌లది అచ్చంగా దీనికి తిరగబడిన వ్యవహారం. లోపల మైనస్ 25 దగ్గర మరిగే ఆ గ్యాసు ప్రెజర్ బయటి గాలి కన్నా తక్కువ, కాబట్టి సూది సున్నా దాటి కిందకు పోతుంది. అది తెలియని చెయ్యి గ్యాసు అయిపోయిందనుకుని ఇంకా ఎక్కిస్తుంది. ఆ గ్యాసుకు మంట అంటుకునే గుణం కూడా ఉంది. ఫ్రిజ్‌లో పట్టేది కొద్ది గ్రాములే కాబట్టి తూకం వేసి నింపడమే పద్ధతి, గేజి చూసి కాదు. ఆర్-407సి లాంటి మిశ్రమాలకైతే చార్టులో ఒక్క ప్రెజర్‌కు రెండు డిగ్రీలుంటాయి, మరగడం మొదలైన చోట ఒకటి, ముగిసిన చోట ఒకటి.

గ్యాసు ధరలు పెరిగేసరికి కల్తీ కూడా పెరిగింది. దీనికీ చార్టే మొదటి కాపలా. సిలిండర్‌ను నీడలో కొన్ని గంటలుంచి, దాని మీద థర్మామీటరు, మూతికి గేజి పెట్టాలి. ఆర్-22 అయితే 35 డిగ్రీల దగ్గర 182 చూపించాలి, ఆర్-134ఎ అయితే 114. తేడా వస్తే లోపల గాలి కలిసి ఉండాలి, లేదా గ్యాసే వేరై ఉండాలి. ఆగిపోయిన ఏసీలోనూ ఇదే పరీక్ష చేయొచ్చు. కానీ కాపలాను మోసం చేసినవాళ్లూ ఉన్నారు. 2011లో ఓడల మీద తిరిగే శీతల కంటెయినర్లు వియత్నాంలో, బ్రెజిల్లో పేలి ముగ్గురు పోయారు. ఆర్-134ఎ పేరుతో నింపిన గ్యాసులో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉంది, అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే మండే పదార్థంగా మారింది. మిథైల్ క్లోరైడ్‌ను ఆర్-22తో తగిన పాళ్లలో కలిపితే ప్రెజర్ అంకెలు ఆర్-134ఎకు దగ్గరగా కుదురుతాయి. చార్టు సరిపోయినంత మాత్రాన సిలిండర్ మంచిదని చెప్పలేమన్నమాట. నమ్మకమైన అంగట్లో బిల్లు రాయించుకుని కొనడం, గ్యాసును గుర్తించే పరికరం వాడటం అప్పటి నుంచే గట్టిగా మొదలయ్యాయి.

ఇన్ని వరసలు వచ్చి పోతున్నా అమ్మోనియా వరసను ఏ ఒప్పందమూ ముట్టుకోలేదు. అది ఓజోన్‌ను తినదు, భూమిని వేడెక్కించదు. మిర్చి ఏసీల్లో 37 ఇప్పటికీ మైనస్ 5 డిగ్రీలే. మిగతావాటికి గడువులు దగ్గరపడుతున్నాయి. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలిలో చేసిన సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఆర్-134ఎ, ఆర్-410ఎ, ఆర్-32 వంటి వాటి వాడకం 2028లో పెరగకుండా ఆగాలి, 2032 నుంచి మెట్లుమెట్లుగా దిగి 2047కు 85 శాతం తగ్గాలి. ప్రొపేన్, అంటే ఆర్-290, నింపిన ఏసీలు మన మార్కెట్లో 2012 నుంచే ఉన్నాయి. దాని ప్రెజర్ 5 డిగ్రీల దగ్గర 65, అంటే పాత డెబ్బైకి కొంచెం ఇటుగా. ఆర్-22కు అలవాటుపడిన చేతికి ఆ అంకె చుట్టంలా కనిపిస్తుంది. కానీ అది మండే గ్యాసు, వెల్డింగ్ మంట వెలిగించే ముందు గదిలో గాలి ఆడేలా చూసుకోవాల్సిన గ్యాసు.

జగ్గయ్యపేటలో వచ్చే పని ఇంట్లో ఏసీలతో ఆగదు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకు డ్రైవర్ క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు. జయంతిపురం వైపు సిమెంటు ఎత్తే లారీలు, గరికపాడు దాటి హైదరాబాద్ వెళ్లే సరుకు లారీలు రోజంతా ఈ రోడ్డు మీదే ఉంటాయి. రేపు మే ఎండలో క్యాబిన్ చల్లబడడం లేదని ఆగే లారీని చూడాల్సింది రోడ్డు పక్కన షెడ్డులోని మెకానిక్కే. చెట్టు నీడలో ఇంజన్ ఆపి, గొట్టాలు బిగించి, 40 డిగ్రీల దగ్గర ఆర్-134ఎ 133 చూపిస్తోందా అని అతను మొదట చూడాలి. చూపిస్తే లోపల ద్రవం ఉన్నట్టే, ఫ్యాను, బెల్టు, దుమ్ము పట్టిన కాయిల్ వైపు వెళ్లాలి. అంతకన్నా బాగా తక్కువైతే లీకు వెతకాలి, గ్యాసు ఎక్కించడం ఆ తర్వాతే.